హురుమంజి తేజీలు: మన కావ్యాలలోనూ గుడిగోడల మీదనూ గుర్రం

తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలలో ఎనిమిదవనాటి ఉదయం రథోత్సవం, ఆ రాత్రి అశ్వవాహనం. కత్తి చేతబట్టి గుర్రమెక్కిన స్వామిని ఇక్కడ హమద్ టౌన్‌లో మనం టీవీ తెర మీదనే దర్శించుకుంటాం. ఆ సమయంలో పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: మన రాజుల దగ్గర నిజంగా అలాంటి గుర్రాలు ఉండేవా? ఉండేవని చెప్పి ఊరుకుంటాం. అవి ఎక్కడినుంచి వచ్చాయని వాళ్ళు అడగరు, మనమూ చెప్పం. ఈ వ్యాసం ఆ అడగని ప్రశ్నను గురించి.

ప్రాచీన యుద్ధంలో ఆశ్వికదళం అనగానే మన మనసులో మెదిలేది రౌతు. పైకెత్తిన ఈటె, ఎగసిన జూలు, గిట్టల ధూళిలో మాసిపోయిన సూర్యుడు. సినిమాలూ నాటకాలూ పాఠ్యపుస్తకాలూ మనకిచ్చిన చిత్రం ఇదే. సామెతలో గుర్రం మూడు కాళ్ళ మీద నడిచినా తప్పు మెత్తని రౌతుదే. ఈ చిత్రం అబద్ధమని మేము అనడం లేదు, సగమని అంటున్నాం. మిగతా సగంలో ఓడ ఉంది, వర్తకుడు ఉన్నాడు, కళ్ళెం పట్టి నడిపించే గుర్రపువాడు ఉన్నాడు. మన పెద్ద కవులూ శిల్పులూ ఆ సగాన్ని విడిచిపెట్టలేదు. విడిచిపెట్టింది వారిని చదివే మనమే.

ముందుగా భారతం. అక్షౌహిణి లెక్క మన పిల్లలు కొందరు కంఠస్థం చేశారు: రథాలు 21,870, ఏనుగులు అన్నే, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. ఒక్కొక్క రథానికి మూడు గుర్రపు రౌతులన్నమాట. అయితే ఆ 65,610 మందిలో పేరు గుర్తున్న రౌతు ఎవరు? భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, అర్జునుడు అందరూ రథికులే. భగదత్తుడిది ఏనుగు. రౌతుల గుంపును వెంటబెట్టుకొని పోరాడినవాడిగా కొంచెం ప్రత్యేకంగా కనిపించేది, పద్ధెనిమిదవనాటి యుద్ధంలో, గాంధారరాజు శకుని. జూదం తప్ప శకునిలో మరేమీ చూడని మనకు అది గుర్తుండదు. ఇతిహాసంలో ఆశ్వికుడు లెక్కకు వచ్చాడు గాని కథలోకి రాలేదు.

గుర్రం మాత్రం కథలోకి వచ్చింది. సైంధవవధ నాటి ద్రోణపర్వ ఘట్టాన్ని తలచుకోండి. పొద్దు వాలుతోంది, చేరవలసిన దూరం ఇంకా ఉంది, రథాశ్వాలు బాణాలు తగిలి అలసిపోయాయి. అర్జునుడు రథం దిగి నేల మీద నిలబడి శత్రువులను ఆపుతాడు. బాణంతో నేలను చీల్చి నీటిని పుట్టిస్తాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంట్లో నాటిన బాణాలు పెరికి, నీరు తాపి, మళ్ళీ పూనుస్తాడు. పద్ధెనిమిది దినాల సంహారంలో ఇంత నిదానంగా సాగే దృశ్యాలు అరుదు. దైవాన్ని గుర్రాలు కడిగేవాడిగా చూపడానికి వ్యాసుడు వెనుదీయలేదు. దాన్ని తెనుగు చేసిన తిక్కన నెల్లూరివాడు. ఆ ఊరి పేరు మళ్ళీ వస్తుంది.

రథం రణరంగం నుంచి తొలగిపోవడానికి కారణం ధైర్యం తగ్గడం కాదు, నేల. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున వర్షపు బురదలో పురుషోత్తముడి పక్షపు రథాలు కూరుకుపోయాయనీ, అలెగ్జాండర్ గుర్రపుదళం పక్కలనుంచి చుట్టుముట్టిందనీ గ్రీకు చరిత్రకారులు రాశారు. రథానికి చదునైన పొడినేల కావాలి, రౌతుకు అక్కరలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఆశ్వికుల పనులను చెప్పినచోట వీరత్వం కంటే చాకిరీ ఎక్కువగా కనిపిస్తుంది: నేలను ముందుగా పరిశీలించడం, రేవులను కాపాడడం, శత్రువుకు వచ్చే తిండిగింజలను అడ్డగించడం, పారిపోయేవారిని తరమడం. ఎదురుగా దూకడమొక్కటే గుర్రపుదళం పని అనుకునేవారు ఈ జాబితాను చదవాలి. తరువాతి కాలంలో ఇనుప రికాబు, మంచి జీను, గుర్రం మీదనుంచే విల్లు వంచే నేర్పు తోడయ్యేసరికి దళానికి బలం ఇంకా పెరిగింది. కాకతీయుల కాలానికి మంచి గుర్రాలు లేని రాజ్యం రోజులు లెక్కపెట్టుకోవలసిందే.

చిక్కు ఎక్కడంటే, ఆ మంచి గుర్రం మన నేల మీద పుట్టలేదు. అమరకోశం చెప్పిన మేలుజాతి గుర్రాల పేర్లు నాలుగూ దూరదేశాల పేర్లే: వనాయుజాలు, పారసీకాలు, కాంభోజాలు, బాహ్లికాలు. వీటిలో వనాయువంటే అరబ్బుదేశమని వ్యాఖ్యాతలు చాలామంది చెప్పారు. అమరం వల్లెవేసిన ప్రతి తెలుగు విద్యార్థీ, తనకు తెలియకుండానే, మనం ఇప్పుడు కాపురమున్న ఈ తీరపు పేరును కూడా వల్లెవేశాడన్నమాట.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 14వ శతాబ్దం తొలినాళ్ళ పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ ఒక లెక్క చెప్పాడు. అంతకు మునుపటి శతాబ్దంలో, ఫార్స్ పాలకుడు అబూబక్ర్ కాలంలో, ఏటా పదివేల గుర్రాలు మాబారు తీరానికి ఓడలలో వెళ్ళేవట. వెల ఒక్కొక్కటి 220 బంగారు దీనారాలు. ఎక్కడెక్కడినుంచి వెళ్ళేవో కూడా రాశాడు: ఖతీఫ్, అహ్సా, హొర్ముజ్, కల్హాత్, వాటి నడుమ బహ్రెయిన్. వంతెన దాటి మనం కారులో వెళ్ళివచ్చే ఊళ్ళు రెండూ, మన దీవీ ఒకే వాక్యంలో ఉన్నాయి. మాబారంటే ఎంతవరకు? కొల్లం నుంచి నెల్లూరు వరకు అని ఆయనే హద్దు చెప్పాడు. గుర్రాల రొక్కం చాలావరకు దేవాలయాల ఆదాయం నుంచే వచ్చేదని కూడా అన్నాడు. పదివేలన్న అంకెను కళ్ళకద్దుకోనక్కరలేదు, ఆ కాలపు చరిత్రకారులు అంకెలను ధారాళంగా వాడేవారు. కాని ఊళ్ళ పేర్లలో అతిశయోక్తికి చోటు లేదు.

అన్ని గుర్రాలు ఏటా ఎందుకు కావలసివచ్చాయి? చనిపోయేవి కనుక. అదే శతాబ్దం చివర ఆ తీరం గుండా వెళ్ళిన మార్కోపోలో దీనిని గురించి నిష్ఠూరంగానే రాశాడు. అక్కడివారికి గుర్రాన్ని పోషించడం తెలియదట, ఉడికించిన బియ్యం, మాంసం పెడతారట, పశువైద్యులు లేరట, ఉన్నవారిని అక్కడికి పోనివ్వకుండా వర్తకులే జాగ్రత్తపడతారట. గుర్రం బతికితే బేరం పోతుంది కదా! ఈ మాటలలో పరదేశి చిన్నచూపు కొంత ఉంది. మనుమంచి భట్టు తెలుగులోనే అశ్వశాస్త్రం రచించాడు, కాబట్టి మనవారికి గుర్రం గుట్టు తెలియదనడం చెల్లదు. అయితే తేమగాలి, సరియైన పచ్చిక లేకపోవడం, ఎడారి జంతువు ఒంటికి పడని ఉక్క, ఇవి శాస్త్రం చదివినంత మాత్రాన తొలగేవి కావు.

ఈ వాణిజ్యాన్ని తెలుగు కవి చూశాడా? చూశాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని రాజుకు కాక అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడికి అంకితమిచ్చాడు. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన కుటుంబం అది. అవతారికలో ఆ వర్తకులు ఏ దేశం నుంచి ఏ వస్తువు తెచ్చేవారో కవి వరుసగా చెబుతాడు. సింహళం ఏనుగుల సరసన హురుమంజి తేజీలు కనిపిస్తాయి. హురుమంజి అంటే హొర్ముజ్. తేజీ అంటే మేలిరకపు గుర్రం, అరబ్బు సంబంధమైనదని అర్థమిచ్చే తాజీ అనే పారసీక పదానికి దగ్గరి చుట్టం. బహ్రెయిన్ ఆ రోజులలో చాలాకాలం హొర్ముజ్ రాజులకు కప్పం కట్టిన దీవి.

సాధారణంగా మన ప్రబంధాలలో గుర్రం వస్తే గాలితో పోలిక వస్తుంది, మనస్సుతో, గరుత్మంతుడితో పోలిక వస్తుంది. ఏ కావ్యంలోని గుర్రాన్ని మరో కావ్యంలో కట్టివేసినా ఎవరూ పోల్చుకోలేరు. శ్రీనాథుడు ఇక్కడ పోలిక చెప్పలేదు, రేవు పేరు చెప్పాడు. అలంకారం లేని ఆ ఒక్క పేరులోనే గుర్రం మనకు నిజంగా కనిపిస్తుందని మా అభిప్రాయం. ఈ అవతారికను విమర్శకులు ఆనాటి వాణిజ్యానికి సాక్ష్యంగా ఉదాహరిస్తారు. అది ఆశ్వికదళ చరిత్రకూ సాక్ష్యమని మేము చేర్చదలిచాం.

ఓడలు రావాలంటే రేవు భద్రంగా ఉండాలి. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం అందుకే. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవారి సొత్తు వారిదేనని, తాను నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. అదే రేవులో 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా వర్తకులకు అభయమిచ్చాడు. రాజవంశం మారినా రేవుకు ఇచ్చిన మాట మారలేదు.

ఆ మాటకు కావ్యరూపం ఆముక్తమాల్యద. చతుర్థాశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి చెప్పిన రాజనీతిని మనం తెలుగు తరగతులలో బోధిస్తాం, సాధారణంగా ధర్మపాలన గురించిన పద్యాలే ఎంచుకుంటాం. అక్కడే రేవుల మాట ఉంది: గుర్రాలు, ఏనుగులు, మణులు, ముత్యాలు దిగుమతి అయ్యేలా రేవులను వృద్ధిచేయాలి, గాలికి కొట్టుకొచ్చినవారిని, రోగంతో దిగినవారిని వారి వారి జాతికి తగినట్లు ఆదరించాలి. మరోచోట ఇంకా సూటిగా చెబుతాడు. దూరద్వీపాలనుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్ళిచ్చి, మేడలిచ్చి, కొలువులో దర్శనమిచ్చి, మంచి వెల ఇచ్చి నీవారిని చేసుకో, ఆ జంతువులు శత్రువు చేతికి పోకూడదు. ఆశ్వికబలాన్ని గురించి తెలుగులో ఇంతకన్న తెలివైన మాట మాకు తారసపడలేదు. యుద్ధం ఈటెతో మొదలు కాదనీ, వర్తకుడిని ఎదురేగి పిలిచిన రోజునే మొదలవుతుందనీ గ్రహించినవాడి మాట అది.

అది పుస్తకపు నీతి కాదని 1520 నాటి రాయచూరు యుద్ధం చూపుతుంది. పోర్చుగీసు రచయిత నునిజ్ కథనం ప్రకారం, రాయలు గోవాలో గుర్రాలు కొనుక్కురమ్మని సయ్యద్ మరక్కారు అనే వ్యక్తికి నలభై వేల వరహాలిచ్చి పంపాడు. అతడు ఆ సొమ్ముతో ఆదిల్ షా రాజ్యంలోకి పారిపోయాడు. అప్పగించమంటే ఆదిల్ షా అప్పగించలేదు. దండయాత్రకు ఆ ఎగవేతే సాకు అయింది. ఫిరంగుల ధాటికి తొలుత రాయల సేన వెనుకంజ వేసిందనీ, రాయలు తానే గుర్రమెక్కి ముందుకు నడవగా పోరు తిరిగిందనీ, దోపిడిలో నాలుగు వేల గుర్రాలు దొరికాయనీ నునిజ్ రాశాడు. మన బడి నాటకాలలో రెండో అంకం ఉంటుంది, రాయలు గుర్రమెక్కుతాడు. గుర్రాల కోసం ఇచ్చిన సొమ్మును గురించిన మొదటి అంకం ఉండదు. నునిజ్ కూడా గుర్రాల వర్తకుడేనని చరిత్రకారులు భావిస్తారు, అందుకే అతనికి మొదటి అంకం మీద అంత చూపు.

ఇక శిల్పం. దక్షిణదేశపు గుళ్ళలో రాతిగుర్రాలు రెండు రకాలు. మొదటిది అందరూ ఫోటో తీసుకునేది. శ్రీరంగం శేషరాయ మండపంలో, వేలూరు జలకంఠేశ్వరాలయ కల్యాణమండపంలో స్తంభమంత ఎత్తున వెనుకకాళ్ళ మీద లేచిన గుర్రం, పైన రౌతు, కింద ఈటెపోటు తిన్న మృగం. పనితనం గొప్పది, కళ్ళెపు ముడులు కూడా లెక్కపెట్టవచ్చు. కాని ఆ గుర్రం ఎన్నడూ నేల మీద నాలుగు కాళ్ళూ ఆనించదు. అది ఏ దేశంలోనూ పుట్టలేదు, ఏ ఓడా ఎక్కలేదు. అది పూర్తిగా విజయానికి చిహ్నం.

రెండవది హంపీలోని హజారరామాలయపు ప్రాకారం మీద ఉంది. 15వ శతాబ్దం తొలినాటి ఆ గోడ మీద వరుస వెనుక వరుసగా బొమ్మలు: అడుగున ఏనుగులు, వాటి పైన గుర్రాలు, ఆపైన భటులు, నర్తకులు. గుర్రాలు నడుస్తుంటాయి, వాటిని మనుషులు నడిపిస్తుంటారు. ఈ గోడ మీదనూ దగ్గరలోని మహర్నవమి దిబ్బ మీదనూ కొన్ని బొమ్మల నిడుపాటి అంగీలు, టోపీలు చూసి వీరు పశ్చిమ సముద్రం అవతలినుంచి వచ్చినవారని పండితులు గుర్తించారు. శిల్పి వారిని వెక్కిరించలేదు, మూలకు నెట్టలేదు. రాముడి కథ చెక్కిన గుడి వెలిగోడ మీద, నర్తకుల వరుసకు కిందగా, గుర్రాలతో కలిపి నడిపించాడు. శ్రీరంగపు స్తంభం ముందు మనం తలెత్తి చూస్తాం, ఇక్కడ గోడ వెంట నడవాలి. మేము ఈ రెండవ దానికే ఎక్కువ విలువ కడతాం. పనితనంలో అది మొదటిదాన్ని మించదు, నిజం చెప్పడంలో మించుతుంది.

ఇక్కడ ఒక ఇబ్బంది గురించి మాట్లాడుకోవాలి. ఆ కాలపు సామ్రాజ్యాలకు మూడు పేర్లుండేవి: ఒరిస్సా రాజు గజపతి, ఉత్తరపు సుల్తాను అశ్వపతి, విజయనగర ప్రభువు నరపతి. దీన్ని చదివి, గుర్రం పరాయివారి ఆయుధం, మనది కాల్బలం అని మన పిల్లలకు ఒక గీత గీసి చూపేవారున్నారు. ఆ గీతను విజయనగరమే చెరిపేసింది. రెండవ దేవరాయలు బహమనీలతో యుద్ధాలలో పదేపదే ఎందుకు నష్టపోతున్నామని మంత్రులను అడిగాడనీ, వారి గుర్రాలు బలమైనవి, వారి విలుకాళ్ళు నేర్పరులు అని జవాబు వచ్చిందనీ ఫెరిస్తా రాశాడు. రాయలు ముస్లిం విలుకాళ్ళను కొలువులో చేర్చుకున్నాడు, వారు తమ ధర్మానికి విరోధం లేకుండా నమస్కరించేందుకు సింహాసనం ముందు ఖురాన్ ఉంచాడు, తన సైనికులకు వారిచేత విలువిద్య నేర్పించాడు. ఫెరిస్తా తరువాతి కాలంవాడు, అతని మాటను అలాగే తీసుకోనక్కరలేదు. కాని 1439లో అహ్మద్ ఖాన్ అనే అధికారి దేవరాయల పుణ్యం కోసం కట్టించిన మసీదు హంపీలో ఇప్పటికీ నిలిచి ఉంది. శాసనంలో దాని పేరు ధర్మసాల.

ఈ చరిత్ర మొత్తంలో మమ్మల్ని వెంటాడే సంగతులు రెండు, రెండూ పరదేశులు రాసినవే. ఒకటి సాళువ నరసింహరాయలది. 1485లో సింహాసనమెక్కిన ఆ రాజు హొర్ముజ్, ఏడెన్‌ల నుంచి వచ్చే గుర్రాలను వర్తకులు అడిగిన వెలకు కొనేవాడని నునిజ్ రాశాడు. వెయ్యి వరహాలకు మూడు గుర్రాలు, బతికినవైనా చచ్చినవైనా సరే. సముద్రంలో చనిపోయిన గుర్రం తోకను కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినంతా ఇచ్చేవాడు. గుర్రపుదళాన్ని గురించి ఇంత వింతైన దృశ్యం మరెక్కడా చదవలేదు: చంద్రగిరి ప్రభువు కొలువులో, ఎండి ఉప్పుబారిన తోకల కట్టతో నిలబడ్డ వర్తకుడు. ప్రయాణంలోని ఆపదను కొనేవాడు పంచుకుంటే తప్ప మళ్ళీ ఓడ రాదని ఆ రాజుకు తెలుసు.

రెండవది 1565 తరువాతి మాట. రక్కసి తంగడి యుద్ధంలో రామరాయలు పడిపోయాక తమ్ముడు తిరుమలరాయలు పాడుబడ్డ రాజధానికి తిరిగివచ్చాడు. 1567లో అక్కడ ఉన్న వెనిస్ వర్తకుడు ఫెదెరీచి అప్పటి సంగతి రాశాడు. దళాన్ని మళ్ళీ నిలబెట్టాలని, గుర్రాలు తెచ్చినవారికి మంచి వెల ఇస్తానని తిరుమలరాయలు గోవాకు కబురంపాడు. వర్తకులు నమ్మి తెచ్చారు. ఇక రావలసిన గుర్రాలు లేవని తెలిశాక, పైసా ఇవ్వకుండా వారిని పొమ్మన్నాడు. ఆ మనుషులు దుఃఖంతో పిచ్చివారయ్యారని ఫెదెరీచి అంటాడు. తిరుమలరాయల ఖజానా ఖాళీ అయిందని సమర్థించేవారు ఉండవచ్చు. అయినా ఆముక్తమాల్యదలో రాయలు రాసిన నీతి తెలిసినవారికి ఇది మరో ఓటమి, మొదటిదానికంటే చిన్నది కాదు. రావలసిన జీతం కోసం ఎదురుచూసిన కుటుంబాలు మనలోనూ ఉన్నాయి, ఆ వర్తకుల స్థితి వారికి వివరించనక్కరలేదు.

వచ్చే సెలవులలో కొన్ని కుటుంబాలు హంపీ వెళ్ళే ఆలోచనలో ఉన్నాయని విన్నాం. విఠలాలయపు రాతిరథం ముందు ఫోటో ఎలాగూ దిగుతారు. హజారరామాలయంలో మాత్రం లోపలికి వెళ్ళేముందు పిల్లలను ప్రాకారం వెలుపల ఒక చుట్టు తిప్పండి. కిందినుంచి రెండవ వరుస. గుర్రాలను కాదు, వాటి పక్కన నడుస్తున్నవారిని లెక్కపెట్టమనండి.